ప్రియదర్శిని: దృశ్యఘట్టముల ముచ్చట



మాటలు మాని బొమ్మలే కథ చెప్పు ఘట్టము మనకు క్రొత్తది గాదు. తోలుబొమ్మను తెరనుండి దీపమువైపు జరిపినచో దాని నీడ పెరుగునని మన పల్లెప్రజ లెన్నడో యెఱుగుదురు.

విజయావారు 1957లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున వెలువరించిన 'మాయాబజార్' నందు ప్రియదర్శిని యను పేటిక కలదు. తెఱచినవారికి అందు తమకు మిక్కిలి ప్రియమైనది గోచరించును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, శ్రీకృష్ణునకు శకుని! కూతు మనసొకచోట, తండ్రి మనసొకచోట. రానున్న పెండ్లి తగవంతయు ఆ చిన్ని ఘట్టముననే బీజరూపమున నిమిడియున్నది.

1980లో జపానున వెలువడిన 'పాక్‌మాన్' వీడియో ఆటలో కొన్ని అంకముల నడుమ చిన్న హాస్యదృశ్యములు చేర్చిరి. అప్పుడు ఆడువాని చేయి నిలిచి, కన్ను మాత్రమే పనిచేయును. పిదప అట్టివి పెరిగి సినిమాలకు దీటైనవి. నేడు మొగుడంపల్లి బాలుడును చేతిఫోనులో వానిని చూడగలడు.

ఆడవచ్చినవానిని ఊరక కూర్చుండబెట్టుట న్యాయమా యని కొందఱి యాక్షేపణ. అది త్రోసివేయదగినది కాదు. నా మతమిది: ఏ ఘట్టము చూచినపిమ్మట తరువాతి పనికి క్రొత్త అర్థము కలుగునో అది కథకు ప్రాణము, తక్కినది అలంకారము. ప్రియదర్శిని మూతపడిన తరువాత బలరాముని ప్రతిమాటయు మనకు వేఱుగ వినబడును. ఆ పేటికకు గల మహిమ అదియే.