వారాల అన్నం నుంచి వర్సిటీ దాకా

రాజమండ్రిలో 1853లో జిల్లా పాఠశాల తెరిచారు. అదే పెరిగి పెద్దదై ఇవాళ మనం ఆర్ట్స్ కాలేజీ అంటున్న ప్రభుత్వ కళాశాల అయింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అక్కడ తెలుగు పండితులుగా పనిచేశారు. లంకల నుంచీ మెట్ట ఊళ్ల నుంచీ పడవెక్కి, బండెక్కి వచ్చిన కుర్రాళ్లకు అక్కడ చదువు దొరికింది. కూడు సంగతి వేరు. హాస్టళ్లు లేని ఆ రోజుల్లో బీద పిల్లలు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. ఆ ఇంట్లో అంటూ ముట్టూ వస్తే ఆ పూట పస్తే.

టంగుటూరి ప్రకాశం కథ ఆ రోజులకు అద్దం పడుతుంది. తండ్రి చిన్నప్పుడే పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లు నడిపి బిడ్డలను సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆ కుర్రాడిలోని చురుకు చూసి, తాను రాజమండ్రికి మకాం మార్చినప్పుడు వెంటబెట్టుకొచ్చి చదివించారు. మద్రాసు వెళ్లి ప్లీడరు పరీక్షకు చదవడానికీ ఆయనే అండ. ప్రకాశం తర్వాత రాజమండ్రికి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఒక పంతులు తలచుకుంటే ఇంత జరిగింది.

అయితే వారాలు అందరికీ దొరికేవి కావు. బ్రాహ్మణ కుర్రాడికి తలుపు తెరిచిన ఇల్లు దళిత కుర్రాడిని వాకిలి దగ్గరికీ రానిచ్చేది కాదు. ఈ మాట దాచిపెట్టి ఆ కాలపు దాతృత్వాన్ని పొగడడం న్యాయం కాదు. ఆ తలుపు తెరవాలని పట్టుబట్టిన ఊరు కాకినాడ, పట్టుబట్టిన మనిషి రఘుపతి వేంకటరత్నం నాయుడు.

ఆయన 1904లో అక్కడి పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చి 1919 దాకా ఉన్నారు. బ్రహ్మసమాజికుడు. తెల్లని బట్టల్లో తిరిగే ఆయనను జనం ఋషిగానే చూశారు. జీతంలో పెద్ద భాగం బీద విద్యార్థుల ఫీజులకూ తిండికీ పోయేది. దళిత పిల్లలను తన ఇంట ఉంచుకుని చదివించారు. ఆడపిల్లలకు కాలేజీ తలుపులు తెరిపించారు. ఆయన మాట కాదనని పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ కాకినాడలో అనాథ శరణాలయం పెట్టారు, దళిత విద్యార్థులకు వసతి గృహం కట్టించారు. తెలుగు నిఘంటువు తయారీకి డబ్బిచ్చిన ప్రభువుగా సూర్యారావుగారిని సాహిత్యలోకం ఎప్పుడూ తలుచుకుంటుంది. నా దృష్టిలో ఆ వసతి గృహం అంతకు తక్కువది కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ కాలేజీ విద్యార్థి. తర్వాతి తరంలో మామిడికుదురు నుంచి వచ్చిన బోయి భీమన్న కూడా అక్కడే చదివారు. వేంకటరత్నం నాయుడుగారు 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

అదే కాకినాడలో మరో దాత మల్లాడి సత్యలింగ నాయకర్. కోరంగిలో మత్స్యకార కుటుంబంలో పుట్టారు. కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు ఓడలెక్కి బర్మాకు బతుకుతెరువు కోసం పోతున్న కాలమది. ఆయనా రంగూన్ వెళ్లి, రేవు వ్యాపారంలో లక్షలు గడించి తిరిగొచ్చారు. ఆ ఆస్తిని వీలునామా రాసి ధర్మకార్యాలకూ, బీద పిల్లల చదువుకూ వదిలిపెట్టారు. జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అలా వచ్చిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయం కాకినాడలో నడిపిన పీజీ కేంద్రానికి ఆయన పేరే ఉండేది. ఇప్పుడది ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయపు ఎం.ఎస్.ఎన్. క్యాంపస్.

రాజమండ్రి కాలేజీలోనూ ఇలాంటి ఒక ముచ్చట ఉంది. ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు గీతల్లో ప్రతిభ పసిగట్టి, ప్రోత్సహించి 1916లో బొంబాయి జె.జె. స్కూలుకు పంపించారు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయినా రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల నిలిచింది. ఆయన సహచరుడు అడవి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే.

ఇన్ని ఉన్నా విశ్వవిద్యాలయం మాత్రం గోదావరి ఒడ్డుకు చాలా ఆలస్యంగా వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు రాజమండ్రి కూడా గట్టిగా పోటీపడింది. చివరికి అది బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్ల పాటు డిగ్రీ పట్టా కావాలన్నా, పరిశోధన చేయాలన్నా ఇక్కడి పిల్లలు విశాఖ వైపే చూశారు. 2006లో ఉభయ గోదావరి జిల్లాల కాలేజీలను కలుపుకుని నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాజానగరం దగ్గర హైవే పక్కన ప్రధాన క్యాంపస్, తాడేపల్లిగూడెంలో ఒకటి, కాకినాడలో నాయకర్ పేరిటిది ఒకటి.

పేరు కూడా చక్కగా కుదిరింది. భారతం మొదలుపెడుతూ నన్నయ తనకు తోడుగా నిలిచిన నారాయణభట్టును పేరు పెట్టి చెప్పుకున్నాడు. భారతంలో అర్జునుడికి కృష్ణుడు ఎలాగో తనకు ఆయన అలాగని కృతజ్ఞత తెలిపాడు. రాజరాజ నరేంద్రుడు ఆ నారాయణభట్టుకు నందంపూడిని అగ్రహారంగా ఇచ్చిన 1053 నాటి శాసనం కూడా నన్నయ రాసిందే. పండితుడికి తిండీ తీరికా ఎవరో ఒకరు సమకూర్చాలన్న ఎరుక ఈ నేలకు అప్పటి నుంచే ఉంది.

ఇప్పుడు ఆ పని ప్రభుత్వానిది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, ఎవరి గడపా ఎక్కకుండా, కులం అడ్డు లేకుండా చదువుకోవచ్చన్న భరోసా వచ్చింది. వారాలకంటే ఇది ఎన్నో రెట్లు గౌరవమైన ఏర్పాటు, ఎందుకంటే ఇది హక్కుగా అందుతుంది. కానీ బకాయిలు పేరుకుపోయిన ప్రతిసారీ ఆ భారం కాలేజీల మీద, అక్కడి నుంచి విద్యార్థుల మీద పడుతుంది. చదువు పూర్తయినా సర్టిఫికెట్ చేతికి రాక ఉద్యోగం చేజారిందని వాపోయే పిల్లలు గోదావరి ఊళ్లలో ఉన్నారు. డబ్బు నెలల తరబడి రాకపోయినా విద్యార్థి పట్టా ఆగకుండా చూసే నిధి ఒకటి విశ్వవిద్యాలయం దగ్గర ఉండాలి. ఈ గడ్డ మీద చదువుకుని స్థిరపడి, అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పూర్వ విద్యార్థులను అడిగితే ఇవ్వరా? సత్యలింగ నాయకర్‌ను ఎవరూ అడగకుండానే ఇచ్చారు.