ఇంట్లో ఇచ్చే జీతం ఎవరిది?

ఉద్యోగంలో చేరిన బిడ్డ మొదటి జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టడం మన ఇళ్ళలో వేడుక. చిక్కంతా రెండవ నెల నుంచే. ఎంత ఇవ్వాలి? ఎంత ఉంచుకోవాలి? ఇచ్చినదాన్ని ఏమని పిలవాలి? ఇంగ్లండులో శ్రామిక కుటుంబాల పిల్లలు తిండికీ పడకకూ ఇంత అని వారంవారం తల్లికి కట్టేవారు. దానిని 'బోర్డు' అన్నారు. మన భాషలో అందుకు సరైన మాటే లేదు. కన్నతల్లి పెట్టే అన్నానికి వెల కట్టడమా అని మనకు నొచ్చుకోలు. అయితే మాట లేనంత మాత్రాన లెక్క లేకపోలేదు. ఆ లెక్క కోసం మన కుటుంబాలు కోర్టులకెక్కి నూట అరవై ఏళ్ళు దాటింది.

పాత శాస్త్రం జవాబు ఇంగ్లీషు పద్ధతికన్నా కఠినమైనది. జీతంలో ఇంత భాగం అని కాదు, మొత్తం ఇంటిదే అన్నది. ఈ విషయంలో మన పెద్దలకు ప్రమాణం మితాక్షర. దాన్ని రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలం వాడు. ఆ రాజధాని కల్యాణి నేటి కర్ణాటకలో, బీదరు జిల్లాలోని బసవకల్యాణ్. తండ్రి సొత్తుకు నష్టం లేకుండా సంపాదించుకున్నదే సొంత ఆస్తి అన్నది ఆ ధర్మం. చదువుతో వచ్చిన సంపాదన, అంటే విద్యాధనం, దీని కిందికే వచ్చింది. ఇంటి సొమ్ముతో, ఇంటి అన్నం తింటూ చదివితే ఆ చదువు తెచ్చిన డబ్బులో అన్నదమ్ములందరికీ వాటా ఉంటుంది.

మద్రాసు హైకోర్టు వెలసిన రెండేళ్ళకే, 1864లో, చలకొండవారి కేసు వచ్చింది. ఆ ఇంటివారు నాట్యం వృత్తిగా గల స్త్రీలు. ఇంటి ఖర్చుతో నేర్పించిన విద్య గనుక దాని సంపాదన పంచుకోవలసిందేనని కోర్టు అన్నది. ఆడవారి జీతం గురించి మన న్యాయచరిత్రలో ఇంత తొందరగా ప్రశ్న లేచిందని చాలామందికి తెలియదు. 1872లో దుర్వాసులవారి కేసులో వకీలు వృత్తికీ ఇదే సూత్రం. బళ్ళారి, హోసూరు, బరంపురం అప్పుడు మద్రాసు రాజధానిలోనివే కనుక ఈ తీర్పులు మన ముత్తాతల ఇళ్ళకూ వర్తించాయి. 1877లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ కొంత సడలించింది. మామూలు అక్షరాల చదువు చెప్పించినంత మాత్రాన సంపాదనంతా ఉమ్మడిది కాదన్నది.

వకీళ్ళు, గుమాస్తాలు, డాక్టర్లు పెరిగిన కొద్దీ ఈ నియమం ఉక్కిరిబిక్కిరి చేసింది. ఆ శతాబ్దం చివరి దశకంలో వెంబాకం భాష్యం అయ్యంగార్ మద్రాసు శాసనసభలో ఒక బిల్లు తెచ్చారు. సభ ఒప్పుకున్నా గవర్నరు సమ్మతించలేదు. ఉమ్మడి కుటుంబం కూలిపోతుందని సనాతనుల భయం. 1921లో ప్రీవీ కౌన్సిల్ మరొక తీర్పు చెప్పింది. కుటుంబం ఖర్చుతో ఇంగ్లండు వెళ్ళి చదివి ఐ.సి.ఎస్. అయిన వ్యక్తి సంపాదన కూడా ఉమ్మడి ఆస్తే అన్నది. అంత పెద్ద ఉద్యోగి జీతమే తనది కాకపోతే ఇక గుమాస్తా సంగతేమిటి? చివరకు ఎం.ఆర్. జయకర్ చొరవతో 1930లో హిందూ విద్యార్జిత ఆస్తి చట్టం వచ్చింది. చదువు ఎవరు చెప్పించినా, ఆ రోజుల్లో ఎవరు పోషించినా, కేవలం ఆ కారణం చేత సంపాదన ఉమ్మడిది కాదని తేల్చింది.

జీతం బిడ్డది అయింది. మరి ఇంటికి ఇచ్చినది? దీనికి జవాబు 1963లో సుప్రీంకోర్టు చెప్పింది. అది లక్కిరెడ్డివారి కేసు. తన హక్కు వదులుకోవాలన్న స్పష్టమైన ఉద్దేశంతో కలిపితేనే సొంత ఆస్తి ఉమ్మడిలో కలుస్తుంది. దయతోనో ప్రేమతోనో ఇంటివారిని అనుభవించనిచ్చినంత మాత్రాన కలవదు. ప్రేమతో చేసినదాన్ని బాధ్యత ఒప్పుకున్నట్టుగా చూడరాదని కూడా కోర్టు అన్నది.

అలాగని తల్లిదండ్రులను చట్టం వదిలెయ్యలేదు. తమను తాము పోషించుకోలేని వృద్ధ తల్లిదండ్రుల పోషణ కొడుకుతో పాటు కూతురి బాధ్యత కూడా అని 1956 చట్టం చెప్పింది. పెళ్ళయిన కూతురికీ ఆ బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2007లో వయోవృద్ధుల కోసం ప్రత్యేక చట్టమే వచ్చింది. అంటే పాతకాలంలో జీతం మీద హక్కు కుటుంబానికి ఉండేది. ఇప్పుడు జీతం మీద కాదు, అవసరంలో ఉన్న అమ్మానాన్నలకు బిడ్డ మీద ఉన్నది.

బ్యాంకులో ఇళ్ళ అప్పుల కాగితాలు చూసిన అనుభవంతో ఒక్క మాట. గొడవలు బియ్యం, కూరల డబ్బు దగ్గర రావు. నాన్న పేరనున్న ఇంటికి కొడుకో, పెళ్ళికాని కూతురో పదిహేనేళ్ళు వాయిదాలు కడతారు. వీలునామా లేకుండా నాన్న పోతే ఆ స్వార్జితపు ఇల్లు 1956 వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ, పిల్లలందరికీ సమానం. కట్టినవారి దగ్గర కాగితం ఉండదు, కట్టనివారి దగ్గర కృతజ్ఞత ఉండదు. ముఖ్యంగా తమ్ముళ్ళ చదువులకు జీతం ధారపోసి, చివరకు పుట్టింట్లో పరాయిదైపోయే అక్కకు ఇది పెద్ద అన్యాయం.

కాబట్టి నెలనెలా ఇచ్చేదానికి పేరు పెట్టుకోవడం తప్పు కాదు. ఇంటి ఖర్చుకు ఇచ్చింది ఖర్చుగానే పోనీయండి, దాన్ని తిరిగి అడగకూడదు. ఇల్లు కట్టడానికి ఇచ్చింది మాత్రం పత్రంలో పేరుగానో, నాన్న వీలునామాలో వాక్యంగానో కనబడాలి. ఆ మాట నాన్న బతికుండగా, అందరూ ఒకే ఇంట్లో భోంచేస్తున్న రోజుల్లోనే అనుకోవాలి.