సంతాప పదజాలం (సోలాపూర్ నేతవాడలు)

ఆత్మీయుల మరణంతో కలిగే దుఃఖాన్ని తెలపడానికి, ఆ ఇంటివారిని ఓదార్చడానికి వాడే మాటలను సంతాప పదజాలం అంటారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు స్థిరపడిన సోలాపూర్ తూర్పు భాగపు నేతవాడల్లో ఇంటి భాష తెలుగు, ఊరి భాష మరాఠీ. కార్యాలయాల లేఖల్లో, ఫోన్ సందేశాల్లో వీటికి ఇంగ్లిషు తోడవుతుంది.

తెలుగు, మరాఠీ మాటలు

చావును సూటిగా చెప్పకుండా ‘కాలం చేశాడు’ అనడం తెలుగు మర్యాద. తెలంగాణ పలుకులో అది ‘కాలం జేసిండు’. చనిపోయినవారి ఇంటికి వెళ్లి పలకరించడం పరామర్శ. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖం కడుపుకోత. ఇంగ్లిషులో దానికి సరితూగే ఒక్క మాట లేదు. మహారాష్ట్ర కూడళ్లలో కట్టే ఫ్లెక్సీల మీద ‘భావపూర్ణ శ్రద్ధాంజలి’ అన్న మరాఠీ శీర్షిక పరిపాటి. ‘హుతాత్మ’ అన్న మాట ప్రాణత్యాగం చేసినవారికే చెల్లుతుంది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరికంబమెక్కిన మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందేలను సోలాపూర్ ఆ మాటతోనే స్మరిస్తుంది.

ఇంగ్లిషు మాటలు

గ్రీఫ్: అయినవారిని పోగొట్టుకున్నవారు లోలోపల పడే వేదన. బరువైనది అని అర్థమిచ్చే లాటిన్ ‘గ్రావిస్’ దీనికి మూలం.

బెరీవ్‌మెంట్: ఆప్తులను కోల్పోయిన స్థితి. పాత ఇంగ్లిషులో దీని మూలధాతువుకు దోచుకోవడం అని అర్థం.

మోర్నింగ్: దుఃఖాన్ని ఆచారంగా బయటికి పాటించడం, అలా పాటించే కాలం. ఉదయాన్ని తెలిపే మాటతో ఉచ్చారణ ఒకటే, వర్ణక్రమం వేరు.

లామెంట్: గొంతెత్తి ఏడవడం; తెలుగులో శోకాలు పెట్టడం.

కండోలెన్స్: ఇతరులు తెలిపే సంతాపం. కలిసి బాధపడటం అనే లాటిన్ అర్థం నుంచి వచ్చింది.

వాడుక

పలికేది ఎవరన్నదాన్ని బట్టి మాట మారుతుంది. 2025 మే 18న సోలాపూర్ పారిశ్రామికవాడలోని తువ్వాళ్ల కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి 8 మంది మరణించినప్పుడు ప్రధానమంత్రి తెలిపినది కండోలెన్స్. ఆ కుటుంబాలు అనుభవించినది గ్రీఫ్. సందేశంలో ‘కండోలెన్సెస్’ అని బహువచనం రాస్తారు; సంతాపసభను ‘కండోలెన్స్ మీటింగ్’ అని ఏకవచనంలో అంటారు. పరిచయస్తులకు ‘ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్’ అన్న చిన్న వాక్యం చాలు. ‘ఆర్ఐపీ’ అన్నది ఆత్మశాంతి కోరే క్రైస్తవ ప్రార్థనకు పొడి అక్షరాల రూపం. కుటుంబానికి రాసే ఉత్తరంలో దానికి బదులు పూర్తి వాక్యం రాయడమే మర్యాద.