లైనక్స్‌లో సర్వీసులు: ఏది నడవాలో ఎవరు నిర్ణయిస్తారు?

కౌలాలంపూర్, సైబర్‌జయ వైపు ఉన్న మన తెలుగు ఇళ్లలో పాత ల్యాప్‌టాప్‌కి ఉబుంటునో డెబియనో వేసి పిల్లలకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. మా ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉంది. బీఎస్సీ చదివి ఇంటి పట్టున ఉంటున్న నాకే దాని బాధ్యత. అందులో మనకు కనిపించకుండా నడిచే సర్వీసుల గురించి, వాటి మీద ఏళ్ల తరబడి బిగుసుకుంటూ వచ్చిన నియమాల గురించి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

సర్వీసు అంటే ఏమిటి?

ప్రింటర్, బ్లూటూత్, గడియారం సరిచేయడం, బయటి నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాంటి పనులు తెర వెనుక నడుస్తుంటాయి. వీటినే సర్వీసులు అంటారు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట లేచే ప్రోగ్రామ్ పేరు ఇనిట్. మిగతావాటిని అదే లేపుతుంది.

పాత పద్ధతిలో ప్రతి ప్యాకేజీ తన సర్వీసు కోసం ఒక షెల్ స్క్రిప్టు తెచ్చుకునేది. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాసేవారు. 2010 ఏప్రిల్‌లో లెనార్ట్ పోటరింగ్ సిస్టమ్‌డీని ప్రకటించారు. ఇందులో స్క్రిప్టుకు బదులు యూనిట్ ఫైల్ ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ నడపాలి, దేని తర్వాత, ఏ యూజర్ పేరుతో అన్నది కొద్ది లైన్లలో రాసేయవచ్చు. 2011 మేలో ఫెడోరా 15, 2015 ఏప్రిల్‌లో ఉబుంటు 15.04, డెబియన్ 8 దీన్నే డిఫాల్ట్‌గా పెట్టుకున్నాయి.

నియమాలు ఎలా బిగిశాయి?

డెబియన్‌లో ఈ మార్పు గొడవ లేకుండా జరగలేదు. 2014 ఫిబ్రవరిలో టెక్నికల్ కమిటీ సిస్టమ్‌డీకి ఓటేసింది. నచ్చనివాళ్లు విడిపోయి డెవువాన్ అనే డిస్ట్రో పెట్టుకున్నారు. 2019 డిసెంబరులో డెబియన్ సభ్యులందరూ మళ్లీ ఓటు వేసి, సిస్టమ్‌డీయే ప్రధానం, వేరే దారులు వెతికేవారికి మాత్రం అడ్డు చెప్పకూడదు అని తేల్చారు. ఆ తర్వాత వచ్చిన డెబియన్ పాలసీ 4.5.0లో, సర్వీసు ఉన్న ప్యాకేజీలో యూనిట్ ఫైల్ ఉండాలని రాశారు. అది ఉంటే పాత స్క్రిప్టు ఐచ్ఛికం.

డెబియన్ పాలసీలో మాటల బలం వేరువేరుగా ఉంటుంది. ‘చేయడం మంచిది’ అంటే సలహా. ‘చేయాలి’ అంటే, చేయకపోతే అది లోపం. ‘చేసి తీరాలి’ అని ఉన్నది చేయకపోతే కొత్త విడుదలలో ఆ ప్యాకేజీకి చోటే దక్కకపోవచ్చు. నియమం ఒక మెట్టు పైకెక్కిన ప్రతిసారీ ప్యాకేజీ చేసేవారికి పని పెరుగుతుంది. అందుకే అంత వాదన.

పాత స్క్రిప్టులకు గడువు కూడా దగ్గరపడింది. 2023 జులైలో వచ్చిన సిస్టమ్‌డీ 254, వాటికి ఇస్తున్న మద్దతును ముందు ముందు తీసేస్తామని చెప్పింది.

వేయగానే నడవాలా?

ఇక్కడ డిస్ట్రోలు రెండు దారులు పట్టాయి. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ వేయగానే సర్వీసు మామూలుగా మొదలైపోతుంది. ఫెడోరాలో మొదలవదు. ఏవి ఆన్‌లో ఉండాలో ప్రీసెట్ అనే జాబితా చెబుతుంది. నెట్‌వర్క్ వైపు చెవి పెట్టుకుని వినే సర్వీసుకు అందులో చోటు సులువుగా దొరకదు. కాండోలోకి కొత్తగా వచ్చినవారికి యాక్సెస్ కార్డు ముందే ఇచ్చేయాలా, అడిగాక ఇవ్వాలా అన్నంత తేడా ఇది. నాకు రెండోదే నచ్చుతుంది.

రెండు చోట్లా కలిసే మాట ఒకటుంది. యజమాని ఆపేసిన సర్వీసును అప్‌డేట్ వచ్చి మళ్లీ ఆన్ చేయకూడదు.

ఎందుకు పట్టించుకోవాలి?

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒక దొంగదారిని బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని వెతికితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో అది దొరికింది. ఎస్‌ఎస్‌హెచ్‌కీ కంప్రెషన్‌కీ సంబంధమేమిటి? అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో లేదు. సర్వీసు సిద్ధమైందని సిస్టమ్‌డీకి చెప్పడానికి డెబియన్, ఫెడోరా లాంటివి ప్యాకేజీ చేసేటప్పుడు సిస్టమ్‌డీ లైబ్రరీని కలిపాయి. దాని వెంట ఎక్స్‌జెడ్ వచ్చింది. డెబియన్ స్టేబుల్‌కు చేరకముందే పట్టుబడింది కాబట్టి సరిపోయింది. ఒక్క కబురు కోసం అంత పెద్ద లైబ్రరీ అవసరం లేదని, అదే పనిని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఏడాదే 9.8 వెర్షన్‌లో సొంతంగా చేసుకుంది.

సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ మీద కట్టినదే. పైన పెట్టిన నియమం మంచిదైనా చెడ్డదైనా కిందివరకూ వస్తుంది.

ఇంట్లో మనం చూసుకోవాల్సినవి

1. టెర్మినల్‌లో ‘సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్-ఫైల్స్’ కమాండ్ ఇస్తే ఏ సర్వీసు ఎనేబుల్ అయి ఉందో జాబితా వస్తుంది.

2. ‘ఎస్‌ఎస్’ కమాండ్‌కు టీ, యూ, ఎల్, పీ, ఎన్ ఆప్షన్లు కలిపి ఇస్తే ఏవి నెట్‌వర్క్ వైపు వింటున్నాయో తెలుస్తుంది. 127.0.0.1 అని ఉంటే అది ఆ మెషీన్‌ వరకే. 0.0.0.0 అని ఉంటే, ఫైర్‌వాల్ ఆపకపోతే పక్క మెషీన్లకూ తలుపు తెరిచినట్టే.

3. అక్కర్లేనిదాన్ని ‘డిసేబుల్’ చేస్తే తర్వాతి బూట్‌లో తనంతట తాను లేవదు, కానీ వేరే సర్వీసు పిలిస్తే లేస్తుంది. అదీ వద్దనుకుంటే ‘మాస్క్’ చేయాలి.

4. ప్యాకేజీ తెచ్చిన యూనిట్ ఫైల్‌ను నేరుగా మార్చవద్దు. అప్‌డేట్‌లో పోతుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో మార్చితే మన మార్పు ఈటీసీ ఫోల్డర్‌లో విడిగా ఉండి, అప్‌డేట్ అయినా నిలుస్తుంది.

5. ‘సిస్టమ్‌డీ-అనలైజ్ సెక్యూరిటీ’ ఒక్కో సర్వీసుకు 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తుంది. ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే రక్షణ తక్కువని అర్థం. అలాగని కంగారు పడక్కర్లేదు, ముందు ఏది చూడాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ఇవేవీ చేయకండి. అది కంపెనీవాళ్ల పని. ఇంటి మెషీన్ అయితే ఒక ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి రెండూ చేసి చూడండి. ఏదైనా సర్వీసు పేరు తెలియకపోతే ఆపేయకుండా, ముందు అది ఏ ప్యాకేజీదో కనుక్కోండి.