ఇరవై ఆరు మందులకూ లొంగనిది

2016 ఆగస్టు 18. అమెరికాలోని నెవాడా రాష్ట్రం, రీనో నగరం. డెబ్బై దాటిన ఒక పెద్దావిడను ఆసుపత్రిలో చేర్చారు. కుడి తుంటి దగ్గర నీరు చేరి ఇన్ఫెక్షన్ పట్టింది, ఒళ్లంతా దాని ప్రభావం కనిపిస్తోంది. చాలాకాలం ఇండియాలో ఉండి ఆ నెల మొదట్లోనే తిరిగొచ్చారు. విరిగిన తొడ ఎముకకు, తర్వాత ఆ ఎముకకే పట్టిన ఇన్ఫెక్షన్‌కు రెండేళ్లలో మన ఆసుపత్రుల్లో ఎన్నోసార్లు చేరారు. ఆఖరిసారి జూన్‌లో.

మర్నాడు పుండు నుంచి తీసిన నమూనాలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా దొరికింది. మిగతా మందులు ఓడినప్పుడు వాడే కార్బాపెనెమ్‌లకు కూడా లొంగని రకం. ఆవిడను వేరే గదికి మార్చారు. గ్లౌజులు, గౌను లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదన్నారు. 25న కౌంటీ ఆరోగ్య శాఖకు కబురు వెళ్లింది. నమూనా అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీకి చేరింది. అమెరికాలో దొరికే 26 యాంటీబయాటిక్‌లలో ఆ క్రిమిని నమ్మకంగా అణచగలిగేది ఒక్కటీ లేదు. చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ కూడా ఓడిపోయింది. ఫాస్ఫోమైసిన్ మాత్రం ప్రయోగశాలలో కాస్త ఆశ చూపింది. కానీ అప్పట్లో అక్కడ దానికి అనుమతి మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు నోటితో తీసుకునే మందుగానే. నరానికి ఎక్కించే రకం వేరే దేశాల్లో ఉండేది. సెప్టెంబరు మొదట్లో, రక్తపోటు పడిపోయి, ఆవిడ కన్నుమూశారు.

ఎక్కడో రీనోలో జరిగిందిలే అని తమిళనాడులోని సూళగిరిలో కూర్చున్న నేను ఊరుకోలేను. ఆ క్రిమిలో ఉన్న, కార్బాపెనెమ్‌లను ఓడించే ఎన్‌డీఎం అనే జన్యువు చెన్నైలో ఎంతగా పాకిందో 2010లోనే లాన్సెట్ పత్రిక చెప్పింది. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారసామి ఆ వ్యాసానికి తొలి రచయిత. చెన్నైలో ఒక్కచోటే 44 నమూనాల్లో అది దొరికింది. ఆ జన్యువు ఒక రకం బాక్టీరియా నుంచి మరో రకానికి తేలిగ్గా దాటుతుంది, కాబట్టి ఒక రోగితో ఆగదు.

మా ఊరి మీదుగానే బెంగళూరు–కృష్ణగిరి రహదారి. బైకు మీంచి పడి తొడ ఎముక విరిగితే హోసూరుకో కృష్ణగిరికో పరుగెడతారు. రాడ్డు వేస్తారు. ఆ రాడ్డు మీద బాక్టీరియా పొరలా పేరుకుంటే మందు లోపలికి చేరడం కష్టం. పుండు కారుతూనే ఉంటుంది. "మంచి మందు రాయండి సార్, ఖర్చు చూడొద్దు" అని మనమే బతిమాలతాం. డాక్టరు పెద్ద మందు రాస్తాడు. తగ్గకపోతే ఇంకో నర్సింగ్ హోమ్, ఇంకో మందు. పుండులో ఉన్న క్రిమి ఏది, దేనికి లొంగుతుంది అని చెప్పే కల్చర్ పరీక్ష మాత్రం చాలాసార్లు ఆఖర్న గుర్తొస్తుంది, అప్పటికి దాన్ని చంపగల మందులు ఒక్కొక్కటే తగ్గిపోతుంటాయి.

రీనోలో ఆ వార్డులోని ఇతర రోగులను కూడా పరీక్షించారు. ఒక్కరిలోనూ ఆ క్రిమి దొరకలేదు. మా వైపు చిన్న నర్సింగ్ హోముల్లో రోగికో గది ఇవ్వడం కష్టమే. ప్రతి మంచం దగ్గరా చేతులకు రాసుకునే మందు సీసా పెట్టడం, కట్టు మార్చే ప్రతిసారీ గ్లౌజులు మార్చడం, కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు చీము నమూనా ల్యాబుకు పంపడం మాత్రం రేపటి నుంచే చెయ్యొచ్చు. అడగాల్సింది మనం. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుందంటే, ప్రాణాపాయం లేనప్పుడు, ఆగుదాం.