శబ్దానికీ ఒక చోటుంది

చిత్తూరు దగ్గరి కాణిపాకం స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములు. ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి. ఎండిన బావిని లోతు చేస్తుంటే పార రాతికి తగిలి నెత్తురు పొంగిందట. ఆ నెత్తురు కలిసిన నీళ్ళు సోకి ముగ్గురి లోపాలూ పోయాయట. అక్కడ వెలసినవాడే వరసిద్ధి వినాయకుడు.

ఆ గుడి ఆవరణలో కళ్ళు మూసుకుని నిలబడండి. గర్భగుడి వైపు గంట, పక్కన టెంకాయ పగిలిన చప్పుడు, వెనక క్యూలో పసిబిడ్డ ఏడుపు. శబ్దం ఒక చెవికి చేరాక రెండో చెవికి చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. ఆ పిసరంత తేడాను పట్టుకునే ఏది ఎటునుంచో పోల్చుకుంటాం. సినిమా హాలుకు ఈ విద్య అబ్బడానికి ఏళ్ళు పట్టింది.

టాకీల తొలిరోజుల్లో హీరో తెరమీద ఎటు నడిచినా మాట ఒక్కచోటి నుంచే వచ్చేది. ఇంగ్లండు ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్‌కు ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపించింది. 1931 డిసెంబరులో స్టీరియో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటాసియా’ కోసం హాలులో ప్రేక్షకుల చుట్టూ స్పీకర్లు పెట్టించాడు. ఆ ఫాంటాసౌండ్ సరంజామా ఖర్చు మోయలేక కొద్ది ఊళ్ళతోనే ఆగిపోయింది. 1950లలో 70ఎంఎం రీలు మీద అయస్కాంత పూత పూసి ఆరు ట్రాకులు ఇమిడ్చారు. ఐదు తెర వెనకకి, ఆరోది హాలు గోడలకి.

ఆ వైభవాన్ని తెలుగుకు తెచ్చింది 1986లో కృష్ణ ‘సింహాసనం’. 1992లో డాల్బీ కంపెనీ, రీలు అంచున రంధ్రాల మధ్య ఉన్న ఖాళీలోనే డిజిటల్ శబ్దాన్ని అచ్చేసింది. మరుసటి ఏడు ‘జురాసిక్ పార్క్’తో వచ్చిన డీటీఎస్ శబ్దాన్ని సీడీలకెక్కించి, రీలు మీద టైంకోడ్ మాత్రం ఉంచింది. 2012లో డాల్బీ అట్మాస్ పద్ధతి పైకప్పుకూ స్పీకర్లు బిగించింది.

స్పీకరు పెట్టెలు ఎన్ని కొన్నా ప్రాణం పోసేది సెట్టింగే. హాలు ఖాళీగా ఉన్నప్పుడు టెక్నీషియన్ తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో మైకు నిలబెడతాడు. జోరువాన హోరులాంటి పింక్ నాయిజ్‌ను ఒక్కో స్పీకరులోంచి వదులుతాడు. తెర వెనకవి ఒక్కొక్కటీ 85 డెసిబెల్స్ దగ్గర నిలవాలి. 5.1 పద్ధతిలో కుడి గోడ వరస 82, ఎడమ గోడ వరస 82. రెండూ కలిసి మోగితే 85కు చేరి తెరతో సరితూగుతాయి.

తర్వాత డిలే, అంటే శబ్దాన్ని కాస్త ఆపి వదలడం. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. గోడ పక్కన కూర్చున్నవారికి గోడ స్పీకరు చేరువ, తెర దూరం. రెండు శబ్దాల్లో ముందు చేరినదాని వైపే చెవి మొగ్గుతుందని హెల్ముట్ హాస్ 1949లో చూపాడు. పదిహేడు మీటర్ల తేడా ఉంటే తెర శబ్దం సెకనులో ఇరవయ్యోవంతు వెనకబడుతుంది. అందుకే గోడ స్పీకర్లను అంతకంటే కాస్త ఎక్కువసేపు ఆపి, తెర శబ్దాన్ని ముందు చేరనిస్తారు. అప్పుడే మాట తెర మీద, వాన చుట్టూ ఉంటాయి.

ఈ లెక్క తప్పితే ముందుగా నష్టపోయేది గోడవారన, చివరి వరసలో కూర్చున్న మనిషి. టికెట్టుకు ఆయన కూడా పూర్తి డబ్బే ఇచ్చాడు. ఆ సీటులో కూర్చుని ఒక్క సీనైనా వినకుండా సెట్టింగు ముగించకూడదు.