ఊరి సహకారంతో నడిచే జంతు సంరక్షణ కేంద్రం: విశాఖ అనుభవం

వీధిలో కుక్క కరిచినా, రోడ్డు పక్కన కాలు విరిగిన దూడ పడి ఉన్నా నగరవాసులకు వెంటనే గుర్తొచ్చేది జంతు సంరక్షణ కేంద్రం. వారొచ్చి పట్టుకుపోతే సమస్య తీరిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి ఈ కేంద్రాలు చేసేది ప్రధానంగా ఆసుపత్రి పని. చికిత్స పొందిన కుక్క సాధారణంగా తన వీధికే తిరిగి వస్తుంది. ఆ వీధివారు సహకరించకపోతే వైద్యుల శ్రమంతా వృథాయే. తెలుగునాట ఈ సంబంధాన్ని గమనించడానికి విశాఖపట్నం మంచి ఉదాహరణ.

విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ అనే స్వచ్ఛంద సంస్థను 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ స్థాపించారు. వీధికుక్కలను చంపించడమే అప్పట్లో అనేక పురపాలక సంఘాలకు తెలిసిన మార్గం. మద్రాసులో బ్లూ క్రాస్ సంస్థ 1964లోనే మరో దారి చూపింది. కుక్కను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, తిరిగి వదిలిపెట్టడం ఆ పద్ధతి. 2001లో కేంద్ర ప్రభుత్వ నిబంధనలతో అది దేశమంతటికీ వర్తించింది. 2023 నాటి కొత్త నిబంధనలు వీధికుక్కలను 'సామూహిక జంతువులు'గా పేర్కొన్నాయి. పేరు కొత్తదే కాని, సాయంత్రం అరుగు మీద కుక్కకు అన్నం ముద్ద పెట్టే మన పల్లెలకు ఆ భావన కొత్తది కాదు.

శస్త్రచికిత్సతో పాటు రేబిస్ నిరోధక టీకా వేసి, గుర్తుగా చెవి కొసన చిన్న గాటు పెడతారు. పట్టిన చోటే వదలాలన్నది నియమం. తీసుకుపోయిన కుక్కను మళ్లీ ఎందుకు తెచ్చారని కాలనీవాసులు సిబ్బందిని నిలదీయడం చాలా నగరాల్లో జరిగేదే. కారణం తేలికగానే అర్థమవుతుంది. కుక్క తన హద్దును తానే కాపాడుకుంటుంది. దాన్ని తొలగిస్తే, తిండి దొరికే ఆ చోటికి టీకా పడని మరో కుక్క వచ్చి చేరుతుంది. ఇక ఏ కుక్క చూలుతో ఉంది, ఏది ఈమధ్యనే ఈనింది, ఏది పరాయిది అన్న సమాచారం ఏ కార్యాలయంలోనూ ఉండదు. రోజూ అన్నం పెట్టే ఇల్లాలికో, టీకొట్టు యజమానికో తెలుస్తుంది. పట్టేవారికి భయపడే కుక్క వారి పిలుపుకు వస్తుంది.

అయితే ప్రజల భయాన్ని తేలికగా తీసివేయలేము. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలయ్యాడు. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లి టీకా మోతాదులన్నీ పూర్తి చేయించుకోవాలి. పసుపు, సున్నం అద్దుతూ ఆలస్యం చేయడం ప్రమాదకరం.

విశాఖలో మరో చిక్కు సింహాచలం కొండది. సింహాద్రి అప్పన్నకు కోడెదూడను సమర్పించడం ఉత్తరాంధ్ర భక్తుల పాత మొక్కు. నాగలిని ట్రాక్టరు వెళ్లగొట్టాక రైతుకు కోడెతో పని తగ్గింది. మొక్కులో భక్తి ఎంత, వదిలించుకోవడం ఎంత అని వేరుచేసి చెప్పడం కష్టం. తల్లిపాలు మానని పసిదూడ గడ్డి తిని బతకలేదు. అలా తరలివచ్చిన దూడల మరణాలు పలుమార్లు వార్తలకెక్కాయి. సంస్థ కొన్ని దూడలను తన ఆశ్రయానికి చేర్చుకుంది. అయితే ఆశ్రయాన్ని ఎంత పెంచినా కొండకు వచ్చే దూడలు ఆగవు. పాలు మరిచేదాకా దూడను తల్లి దగ్గరే ఉంచమని రైతుకు నచ్చజెప్పగలిగేది అర్చకులు, ఊరి పెద్దలే.

సముద్ర తీరంలో పని కాస్త వేరు. శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు వాటిని తవ్వి తింటాయి. అటవీశాఖతో కలిసి సంస్థ చేపట్టిన గుడ్ల రక్షణకు కాపలాదారులు మత్స్యకారులే. ఏ రాత్రి తాబేలు ఒడ్డెక్కుతుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఝార్ఖండ్‌లో స్థిరపడిన తెలుగువారికీ ఇవే నిబంధనలు వర్తిస్తాయి. జంషెడ్‌పూర్‌లో కుక్కల నియంత్రణకు కోరవలసింది ముందుగా స్థానిక సంస్థనే, అంటే తమ నివాసాన్ని బట్టి నోటిఫైడ్ ఏరియా కమిటీని గాని, మాంగో నగర నిగమ్‌ను గాని. తిండి పెట్టే చోటును పిల్లలు ఆడుకునే స్థలాలకు, మెట్లకు, ప్రవేశద్వారాలకు దూరంగా నివాసుల సంఘమే నిర్ణయించాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి.

ఇప్పుడు కేంద్రాల మీద కొత్త బరువు పడింది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను వాటి చోటే వదలాలని, రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం వదలరాదని ఆదేశించింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించిన కుక్కలను తిరిగి అక్కడ వదలకూడదంది. వాటికి శాశ్వతంగా నీడ, తిండి, వైద్యం కావాలి. నాలుగు రోజులు ఉంచుకుని పంపేందుకు కట్టుకున్న గదుల్లో అది ఎలా సాధ్యమన్నదే ఇప్పుడు పురపాలక సంస్థలు తేల్చుకోవలసిన ప్రశ్న.